మ్యూజిక్ వీడియోకి కథన సిద్ధాంతం పెట్టి చూస్తుంటే పల్లవి దగ్గర తెగిపోతోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. మీడియా స్టడీస్‌లో పీజీ చేస్తున్నాను. ఒక మ్యూజిక్ వీడియో తీసుకుని, ఏదో ఒక కథన సిద్ధాంతంతో దాన్ని విశ్లేషిస్తూ పేపర్ రాయాలి. రేడియోహెడ్ బ్యాండ్ వాళ్ల 'జస్ట్' (1995) తీసుకున్నాను. సిద్ధాంతం, కథల నిర్మాణం మీద రాసిన విమర్శకుడు టోడోరోవ్‌ది. సమస్థితి, దానికి భంగం, ఆ భంగాన్ని గుర్తించడం, సరిదిద్దే ప్రయత్నం, కొత్త సమస్థితి, ఈ ఐదు మెట్లూ మీకు తెలిసినవే.

వీడియో చూడనివాళ్ల కోసం చెబుతాను. నడిచి వెళ్తున్న ఒక మనిషి ఉన్నట్టుండి పేవ్‌మెంట్ మీద పడుకుంటాడు. ఇంకొకాయన అతని కాలు తగిలి పడతాడు. ఏమైంది, ఎందుకు పడుకున్నావని అడుగుతాడు. మెల్లగా జనం పోగవుతారు. పాట నడుస్తోంది కాబట్టి వాళ్ల మాటలు వినపడవు, తెర కింద సబ్‌టైటిల్స్‌గా వస్తాయి. అతను చెప్పనంటాడు. వాళ్లు పట్టుబడతారు. చివరికి నోరు విప్పుతాడు. సరిగ్గా అప్పుడే సబ్‌టైటిల్స్ ఆగిపోతాయి. అతని పెదవులు కదలడం చూస్తాం, మాట మనకి అందదు. తర్వాత చూస్తే ఆ జనమంతా పేవ్‌మెంట్ మీద పడుకుని ఉంటారు. ఈ మధ్యలో బ్యాండ్ వాళ్లు పైన ఒక గదిలో వాయిస్తూ కనిపిస్తుంటారు.

పట్టిక గీసుకుని కూర్చున్నాను. మొదటి రెండు మెట్లూ సాఫీగా కుదిరాయి. మూడోది, గుర్తింపు, జనానికి జరిగింది, మనకి జరగలేదు. మరి జరిగినట్టా, జరగనట్టా? నాలుగో మెట్టు అసలు లేదు. అందరూ నేల మీద పడుకుని ఉండడాన్ని 'కొత్త సమస్థితి' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. కథ ముందుకి పోతుంటే పాట మాత్రం పల్లవి దగ్గరికి తిరిగి తిరిగి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నా పట్టిక నిలిచిపోతోంది. బ్యాండ్ షాట్లకి అందులో గడే లేదు. 'వాటిని వదిలెయ్యి, వీధిలో జరిగే కథ మాత్రం చూడు' అని మా గైడ్ అన్నారు. వీడియోలో అంత భాగం వదిలేసి రాస్తే అది ఆ వీడియో గురించి రాసినట్టు ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. వీడియో మార్చాలా, సిద్ధాంతం మార్చాలా? ఎవరైనా దారి చూపిస్తే ఎంతో మేలు.

మొదటి జవాబు

సిద్ధాంతం మార్చండి. అసలు మ్యూజిక్ వీడియోలని కథలుగా చూడడంలోనే తప్పుంది. మ్యూజిక్ వీడియోల మీద పరిశోధన చేసిన కెరల్ వెర్నాలిస్ 2004లో వచ్చిన తన పుస్తకంలో వాదించింది ఇదే. చాలా వీడియోల్లో పాత్రలకి పేర్లుండవు, వెనక కథ ఉండదు, ఒక పని ఎందుకు జరిగిందో చెప్పరు. వాటి దృశ్యాలు కథని కాక పాట నడకని అనుసరిస్తాయి. నవలకి కుట్టిన చొక్కా పాటకి తొడిగితే బిగుతుగానే ఉంటుంది. లయ, రంగు, కదలిక, కట్ ఎక్కడ పడింది, ఈ నాలుగూ చూసి రాయండి, పేపర్ దానంతటదే నడుస్తుంది.

రెండో జవాబు

నేను ఎడిటర్‌ని. పదకొండేళ్లుగా ఎక్కువగా పాటలే కట్ చేస్తున్నాను. వెర్నాలిస్ గురించి పైన చెప్పింది నిజమే. అయినా కథన సిద్ధాంతాన్ని వదిలెయ్యమంటే ఒప్పుకోలేను. అది పనికొస్తుంది, ఎడిటింగ్ టేబుల్ దగ్గర నాకు పనికొచ్చింది కూడా. మీకు అడ్డొస్తున్నది సిద్ధాంతం కాదు, అన్నిటికీ ఒకే పట్టిక వెయ్యడం.

మన భాషలో కథ వేరు, కథనం వేరు. జరిగింది కథ. దాన్ని చెప్పిన తీరు కథనం. టోడోరోవ్ ఐదు మెట్లూ కథవి. ఆ లెక్కన 'జస్ట్'లో మూడో మెట్టు నిక్షేపంగా ఉంది: అతను చెప్పాడు, వాళ్లు విన్నారు, అర్థమైంది, పడుకున్నారు. తలుపు మూసింది కథనం, మూసింది మన మొహం మీద. కాబట్టి రెండు పట్టికలు గియ్యండి. ఒకటి వీధిలో వాళ్లకి ఏం తెలిసిందో, రెండోది చూసేవాళ్లకి ఏం తెలిసిందో. చివరి అరనిమిషం వరకు రెండూ కలిసే నడుస్తాయి, అక్కడ విడిపోతాయి. అవి విడిపోయే చోటే మీ పేపర్ ఉంది.

ఆ తలుపు గురించి రాయడానికి టోడోరోవ్ చాలడు, ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ కావాలి. 1970లో ఆయన బాల్జాక్ రాసిన ఒక్క పెద్దకథని తీసుకుని, దాన్ని 561 ముక్కలు చేసి, ముక్క ముక్కనీ ఐదు సంకేతాల కింద చదివాడు. అందులో ఒకటి చిక్కుముడికి సంబంధించింది. కథ ఒక ప్రశ్న లేవదీస్తుంది, జవాబిస్తానని ఆశపెడుతుంది, ఆలస్యం చేస్తుంది, పక్కదారి పట్టిస్తుంది, ఒక్కోసారి ఇక జవాబు రాదన్నట్టు దారి బిగించేస్తుంది, ఆఖరికి విప్పుతుంది. 'జస్ట్' చివరిది తప్ప అన్నీ చేస్తుంది. దాన్ని లోపంగా రాయకండి. ప్రశ్నని వీధి మధ్యలో పెట్టి, జవాబుని సబ్‌టైటిల్‌తో పాటు తీసేశారు. సబ్‌టైటిల్ ఎందుకుంది? పాట మాటల్ని మింగేస్తోంది కాబట్టి. సినిమాలో ఈ పని చెయ్యాలంటే లారీ హారన్ మోగించాలి, లేకపోతే అద్దం అడ్డం పెట్టాలి, ఏది చేసినా చూసేవాళ్లకి అది ఎత్తుగడ అని తెలిసిపోతుంది. పాటలో ఆ అడ్డు మొదటినుంచీ ఉంది. ఈ కథని ఇంత సహజంగా దాచగలిగేది ఒక్క మ్యూజిక్ వీడియోనే. ఈ మాట మీ పేపర్లో ఉండాలి.

ఇక పల్లవి. ఇది కాస్త వివరంగా చెబుతాను. అందరూ తేలిగ్గా దాటేసే చోటు ఇదే.

ఫ్రెంచ్ సాహిత్య సిద్ధాంతకారుడు జెరార్ జెనెట్ 1972లో కథనంలో కాలాన్ని మూడు రకాలుగా విడదీశాడు: క్రమం, వ్యవధి, ఆవృత్తి. విద్యార్థులు క్రమం దగ్గరే ఆగిపోతారు, ఫ్లాష్‌బ్యాక్ కనిపెట్టడం సులువు కాబట్టి. క్రమం కూడా మంచిదే. 'జస్ట్' తీసిన జేమీ థ్రేవ్స్ 2002లో కోల్డ్‌ప్లేకి 'ద సైంటిస్ట్' తీశాడు. అది మొత్తం వెనక్కి నడుస్తుంది. గాయకుడు వెనక్కి నడిచినా పెదవులు పాటతో సరిపోవడం కోసం ఆ పాటని చివరినుంచి మొదటికి పాడడం నేర్చుకున్నాడు. కథలో జరిగింది కారు ప్రమాదం, పక్కసీట్లో అమ్మాయి పోయింది. కథనంలో పగిలిన అద్దం అతుక్కుంటుంది, అమ్మాయి తిరిగి సీట్లోకి వస్తుంది, వీడియో ముగిసేసరికి ఇద్దరూ బతికే ఉంటారు. పాటేమో మళ్లీ మొదటికి వెళ్లాలన్న కోరిక. మనిషి కోరుకున్నదాన్ని కథనం తీర్చింది, కథ తీర్చలేదు. ఈ వీడియోకి టోడోరోవ్ మెట్లు ఎటునుంచి ఎక్కాలో ఒకసారి ఆలోచించండి, ఒళ్లు జలదరిస్తుంది.

వ్యవధి సంగతి ఎడిటర్లకి తెలిసినంత ఎవరికీ తెలియదనుకుంటాను. సినిమాలో సీన్ ఎంతసేపు ఉండాలో నేను తేలుస్తాను. పాటలో ట్రాక్ ముందే తేల్చేసి నా చేతికి వస్తుంది. నిమిషానికి 120 బీట్ల పాట అనుకోండి. నాలుగు బీట్ల బార్‌కి రెండు సెకన్లు. పదహారు బార్ల చరణానికి ముప్ఫై రెండు సెకన్లు. ఒక పెళ్లి చెడిపోయిందని చెప్పాలన్నా, పదేళ్లు గడిచాయని చెప్పాలన్నా ఆ ముప్ఫై రెండు సెకన్లే. ముప్ఫై మూడో సెకన్లో పల్లవి వచ్చి కూర్చుంటుంది, నా కథ సిద్ధంగా ఉన్నా లేకపోయినా.

ఆవృత్తి అంటే, ఒకసారి జరిగినదాన్ని ఎన్నిసార్లు చెబుతున్నారు, పదిసార్లు జరిగినదాన్ని ఒక్కసారి చెబుతున్నారా, ఈ లెక్క. నవలలో ఇది అప్పుడప్పుడు వాడే ఉపాయం. పాటకి ఇదే వెన్నెముక. ఒకే మాటలు, ఒకే బాణీ, మూడు సార్లు వస్తాయి. మాట మారదు కాబట్టి కథ ఏం చేసిందో అక్కడే బయటపడుతుంది. కైలీ మినోగ్ 'కమ్ ఇంటు మై వరల్డ్' (2002)కి మిషెల్ గోండ్రీ చేసింది చూడండి. ఆమె ఒక కూడలి చుట్టూ నడుస్తుంది. బయల్దేరిన చోటికి వచ్చేసరికి ఇంకో కైలీ అప్పుడే బయల్దేరుతూ ఉంటుంది. ప్రతి చుట్టుకీ ఒకరు పెరుగుతారు, వీధిలో మిగతా మనుషులు కూడా అలాగే పెరుగుతుంటారు. కథంటూ ఏమీ లేదు. అయినా పాట తిరిగినప్పుడల్లా గతం చెరిగిపోకుండా పోగుపడుతుందని కళ్లకి కట్టింది. పల్లవి గురించి నేను చూసిన మంచి వ్యాసం ఆ వీడియోనే.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక కొత్త గాయని పాట కట్ చేశాను. పల్లవిలో ఉన్నది 'వెళ్లకు' అన్న ఒక్క మాట, నాలుగు రకాలుగా. వీడియోలో ఒకామె గదిలో బట్టలు మడిచి పెట్టెలో సర్దుతూ ఉంటుంది. చూసేవాళ్లు ముందు ఆమే ఇల్లు వదిలి వెళ్లిపోతోందనుకోవాలి. చివరికి తెలియాలి, అవి పోయిన తల్లి బట్టలని. ఆ సంగతి చెప్పే షాట్ ఒకటే: పెట్టె మూలలో ముసలావిడ కళ్లజోడు, దాని కాడకి చుట్టిన దారం. షాట్ ఎంతో బాగుంది. బాగుందన్న మోజుతో మొదటి పల్లవిలోనే పెట్టేశాను. చూసినవాళ్లంతా 'బాగుంది' అన్నారు, ఎవరి మొహంలోనూ మార్పు లేదు. రెండు వారాలు కలర్ మార్చాను, కట్లు బిగించాను, ఏమీ మారలేదు.

ఒక రాత్రి జెనెట్ పుస్తకంలో ఆవృత్తి అధ్యాయం చదువుతుంటే తట్టింది. మొదటి పల్లవికే జవాబు తెలిసిపోతే, తర్వాత వచ్చే రెండు పల్లవులూ ఉత్త పునరుక్తి. ఆ షాట్‌ని తీసి చివరి పల్లవికి ముందు బార్‌లో పెట్టాను, అంటే రెండు సెకన్లు. మరే ఫ్రేమూ ముట్టుకోలేదు. ఇప్పుడు మొదటి 'వెళ్లకు' ఆమెకి ఎవరో చెబుతున్నట్టుంది. రెండోది ఆమె తనకి తానే చెప్పుకుంటున్నట్టుంది. మూడోది తల్లితో. గాయని స్టూడియోలో ఆ మాట పాడింది ఒక్కలాగే. పూర్తయ్యాక ఆమెకి చూపిస్తే, మూడో పల్లవి మొదలవగానే తన గొంతే తనకి కొత్తగా వినిపిస్తోందని చెప్పి లేచి బయటికి వెళ్లిపోయింది.

అందుకే, మీ పట్టిక పల్లవి దగ్గర తెగుతోందంటే అక్కడే ఆగి వెతకండి. పల్లవి వచ్చిన ప్రతిచోటా ఒకే ప్రశ్న వెయ్యండి: ఈసారి ఈ మాటలు ఎవరు, ఎవరితో అంటున్నారు?

బ్యాండ్ షాట్లు వదిలెయ్యకండి. మీ గైడ్ మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. మ్యూజిక్ వీడియోల మీద పుస్తకం రాసిన ఆండ్రూ గుడ్విన్ 1992లో పాటకీ దృశ్యానికీ మధ్య సంబంధాన్ని మూడు రకాలుగా చెప్పాడు. దృశ్యం పాటని బొమ్మ కట్టొచ్చు, పాటలో లేని అర్థాన్ని కలపొచ్చు, పాటతో సంబంధం లేకుండా తన దారిన తాను పోవచ్చు. పరీక్షల్లో అందరూ రాసేది ఇదే. నాకు అంతకన్నా విలువైనదిగా అనిపించేది ఆయన చెప్పిన ఇంకో మాట: పాట పాడేవాళ్లు కథ చెప్పేవాళ్లూ అవుతారు, కథలో పాత్రా అవుతారు, కెమెరా వైపు తిరిగి నేరుగా మనతోనూ మాట్లాడతారు. సినిమాలో పాత్ర కెమెరాలోకి చూస్తే ఉలిక్కిపడతాం. ఇక్కడ చూడకపోతే వెలితిగా ఉంటుంది. 'జస్ట్'లో కథకుడు పైన గదిలో ఉన్నాడు, కథ కింద వీధిలో ఉంది, మధ్యలో ఒక కిటికీ. ఆ కిటికీని మీ పట్టికలో ఎక్కడ పెడతారన్నదే అసలు పని.

సెట్ మీద చేసే పని ఒకటి చెప్పి ఆపుతాను. స్లో మోషన్‌లో పాడుతున్నట్టు కావాలంటే పాటని రెట్టింపు వేగంతో ప్లే చేస్తాం. గాయని ఆ వేగానికి పెదవులు కదుపుతుంది, కెమెరా సెకనుకి 48 ఫ్రేములు తీస్తుంది. దాన్ని 24లో ఆడిస్తే పెదవులు పాటతో కచ్చితంగా సరిపోతాయి, జుట్టు మాత్రం నీళ్లలో ఉన్నట్టు నెమ్మదిగా కదులుతుంది. ఒకే ఫ్రేములో, ఒకే మనిషి మొహం మీద రెండు కాలాలు. పెదవులు కథకురాలివి, జుట్టు పాత్రది. పుస్తకాలు చదివేటప్పుడు నాకు ఎప్పుడూ ఇదే గుర్తొస్తుంది.

మూడో జవాబు

పై జవాబు దాచుకున్నాను. సాహిత్యం వైపు నుంచి ఒక చిన్న మాట కలుపుతాను. ఇలాంటి చర్చల్లో జానపద కథల పరిశోధకుడు ప్రాప్‌ని పాతబడిపోయాడని పక్కన పెట్టేస్తుంటారు. 1928లో ఆయన వంద రష్యన్ అద్భుతకథల్ని విప్పి 31 క్రియలూ (కథని నడిపించే పనులు) ఏడు రకాల పాత్రలూ తేల్చాడు. ఆ 31 క్రియలూ ప్రతి కథలోనూ ఉండాలని ఆయన అనలేదు, ఉన్నవి ఒక వరసలో వస్తాయన్నాడు. ఆ-హా బ్యాండ్ 'టేక్ ఆన్ మీ' (1985) చూడండి. బొమ్మల కథ చదువుకుంటున్న అమ్మాయిని పుస్తకంలోంచి ఒక చెయ్యి లోపలికి పిలుస్తుంది. లోపల దుండగులు వెంటపడతారు. నాయకుడు గోడలకి తనని తాను కొట్టుకుని బొమ్మ నుంచి మనిషవుతాడు. తరుముడు, తప్పించుకోవడం, రూపం మారడం, అన్నీ ప్రాప్ చెప్పినవే. పెన్సిల్ గీతలకీ రక్తమాంసాలకీ మధ్య ఉన్న సరిహద్దేమో మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ చెప్పే ద్వంద్వం, అంటే ఒకదానికొకటి ఎదురుగా నిలిచే జంట. అక్కడ అది మాటల్లో కాక తెర మీదే గీసి ఉంటుంది.

జాగ్రత్త ఒకటే. పాడుతున్నాడు కదాని గాయకుడిని నాయకుడి గడిలో రాసెయ్యకండి. ప్రాప్ పాత్రల్ని వాళ్లు చేసే పనిని బట్టి గుర్తించాడు, కెమెరా ఎంతసేపు చూపించిందన్నదాన్ని బట్టి కాదు. నేను చూసిన విద్యార్థి పేపర్లలో సగం ఇక్కడే దెబ్బతిన్నాయి.

ప్రశ్న అడిగినామె మళ్లీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎడిటర్ గారూ, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే రెండు పట్టికలు పక్కపక్కన గీశాను. వీధిలో వాళ్లకి తెలిసింది ఎడమన, నాకు తెలిసింది కుడిన. పల్లవి వచ్చిన చోటల్లా అడ్డంగా ఎర్రగీత. ఆ పాట పల్లవి చెప్పేదల్లా, నీకు జరిగేదంతా నువ్వే చేసుకుంటున్నావని. ఇన్నాళ్లూ అది పడుకున్న మనిషిని అంటున్న మాట అనుకున్నాను. మొదటి గీత దగ్గర అలాగే కుదిరింది. జనం గుమిగూడి వదలకుండా అడుగుతున్నప్పుడు అదే మాట వాళ్లకి తగులుతోంది. వద్దంటున్నా వినకుండా అడుగుతున్నది వాళ్లే కదా.

నాలుగో మెట్టు లేదని రాశాను. ఉందేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది. సరిదిద్దే ప్రయత్నం అంటే ఆ జనం ప్రశ్నలేనా? వాళ్లు బాగుచెయ్యాలనే కదా అడిగారు. వాళ్ల ప్రయత్నమే వాళ్లని పడుకోబెట్టిందని రాయొచ్చా? మెట్ల వరస తప్పుతుంది, నాలుగోది మూడోదానికి ముందు వస్తోంది.

ఎడిటర్

రాయొచ్చు, రాయండి. వరస తప్పిందన్న సంగతి దాచకండి, పైకే చెప్పండి. బాగుచెయ్యబోవడం ముందు, తెలియడం తర్వాత, అందుకే తెలిశాక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇది నాకు ఇన్నేళ్లలో తట్టలేదు.

కుడివైపు పట్టికలో చివరి ఎర్రగీత దగ్గర ఎవరి పేరు రాశారు?

ప్రశ్న అడిగినామె

ఇంకా ఖాళీగానే ఉంచాను. వీధిలో వాళ్లందరూ అప్పటికే పడుకుని ఉన్నారు, వాళ్లని ఇంక అడిగేవాళ్లు లేరు. కానీ ఆ ఒక్క షాట్ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అతని పెదవులు చదవగలనేమోనని ఆపి, వెనక్కి తిప్పి, ఫ్రేము ఫ్రేమూ చూశాను. ఆ గడిలో నా పేరే రాయాలనుకుంటాను.